కొడుకు ఆర్మీ ట్రైనింగ్‌కి వెళ్తే ఇంట్లో మనం చేయాల్సిన పనులు

నాలుగేళ్ల ఆర్మీ ఉద్యోగమైన అగ్నివీర్ లిస్టులో అబ్బాయి నంబరు కనపడగానే ఫోన్లు మొదలవుతాయి. పరుగు ఎంతసేపట్లో కొట్టాడు, ఏ అకాడమీలో చేరాడు, ఫీజు ఎంత కట్టారు, అన్నీ అడుగుతారు. వాడు వెళ్లిపోయాక ఇంట్లో మిగిలినవాళ్లు ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు. మాది పలాస దగ్గర ఒక ఊరు. నేను టైలరింగ్ చేస్తాను, మా ఆయన ఆటో నడుపుతారు. మా పెద్దవాడు హైదరాబాద్ గోల్కొండలో ఉన్న ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయ్యాడు. మా అన్నయ్య ఆర్మీలో హవల్దార్‌గా చేసి రిటైరైన మనిషి కాబట్టి, ఏ అనుమానం వచ్చినా అడగడానికి నాకు ఒక దిక్కు ఉండేది. మా వాడి తర్వాత మా చుట్టుపక్కల ఇంకొందరు పిల్లలు వెళ్లారు. వాళ్ల అమ్మలు జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చి, మిషను పక్కన కూర్చుని ఇవే మాటలు అడుగుతుంటారు. వాళ్లకి చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

వెళ్లేముందు

కాగితాల సంగతి చాలావరకు అందరికీ తెలిసిందే. పదో తరగతి మార్కుల మెమో, కులం, నివాసం సర్టిఫికెట్లు, పెళ్లి కాలేదన్న సర్టిఫికెట్, పోలీసు వెరిఫికేషన్, ఆధార్, పాన్, ఫొటోలు. పద్దెనిమిది నిండకపోతే తల్లిదండ్రులు కూడా సంతకం పెట్టాలి. చాలామంది చూసుకోనిది ఒకటుంది: అమ్మానాన్నల పేర్లు. మెమోలో ఒక స్పెల్లింగు, మన ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు ఉంటాయి. అగ్నివీర్‌కి 48 లక్షల బీమా ఉంటుంది, దానికి మనం ప్రీమియం కట్టక్కర్లేదు. నామినీగా రాసేది సాధారణంగా మన పేరే. కాబట్టి మీ సేవకో సచివాలయానికో ముందే తిరిగి ఆ అక్షరాలు సరిచేయించుకోండి. వాడు లోపలికి వెళ్లాక ఇలాంటి పని మీద ఫోన్లో మాట్లాడుతూ కూర్చునే వీలు ఉండదు.

తేదీ వచ్చేలోపు ఉన్న ఖాళీ రోజుల్లో వాణ్ణి ముద్దు చేయకండి, పనులు చేయించండి. బట్టలు ఉతకడం, ఇస్త్రీ చేయడం, పక్క బట్టలు మడవడం, బూటుకి పాలిష్ పెట్టడం. అన్నింటికంటే ముందు గుండీ కుట్టడం. ఇది నా వృత్తి కాబట్టి వివరంగానే చెప్తాను. దారం జంటగా తీసుకోవాలి. గుండీ మీద ఒక అగ్గిపుల్ల అడ్డంగా పెట్టి, దాని మీదుగా నాలుగు కన్నాల్లోంచి కుట్టుకుంటూ పోవాలి. అయ్యాక పుల్ల లాగేస్తే గుండీకి గుడ్డకి మధ్య కొంచెం సందు మిగులుతుంది. ఆ సందులో ఉన్న కుట్టు చుట్టూ దారాన్ని నాలుగైదు చుట్లు గట్టిగా తిప్పి, వెనక్కి తీసి ముడి వెయ్యాలి. అప్పుడు గుండీకి కాస్త మెడ వస్తుంది, మందమైన యూనిఫాం గుడ్డలో కూడా కాజాలోకి ఇరుక్కోకుండా వెళ్తుంది, పాకినా దొర్లినా ఊడదు. తెల్లవారకముందే ఫాలిన్‌కి, అంటే హాజరు వరసలో, నిలబడే చోట ఊడిన గుండీతో కనిపిస్తే ఉస్తాద్, అంటే ట్రైనింగ్ ఇచ్చే సారు, ఊరుకోడు. మా వాడు ఆ సెక్షన్లో సగంమందికి గుండీలు కుట్టిపెట్టాడట. వాళ్లలో ఒక హర్యానా కుర్రాడు బదులుగా వీడికి హిందీ నేర్పాడు.

హిందీ అంటే గుర్తొచ్చింది. మన పిల్లలకి మొదటి నెల్లో పరుగు కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే. ఆర్డర్ అర్థం కాక అందరూ కుడికి తిరిగితే వీడు ఎడమకి తిరుగుతాడు, శిక్ష పడుతుంది. వెళ్లేముందు నెల రోజులు ఇంట్లో టీవీలో హిందీ వార్తలు పెట్టి వదిలేయండి. అంకెలు, దిక్కులు, వారాలు, "అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పండి" అనే మాట హిందీలో నోటికి వచ్చేలా చూడండి.

సామాను తక్కువే పెట్టండి. యూనిఫాం, బూట్లు, పరుపు, పెట్టె అన్నీ అక్కడే ఇస్తారు. మంచి తాళం కప్ప ఒకటి, దాని రెండో తాళంచెవి మెళ్లో తాడుకో నడుముకో ఉండేలా. బనియన్లు, డ్రాయర్లు, సాక్సులు కొంచెం ఎక్కువ. సూది, నల్ల దారం, తెల్ల దారం, ఆకుపచ్చ దారం. పచ్చళ్ల జోలికి పోకండి. బస్సులో రైల్లో మూత ఊడి సర్టిఫికెట్ల మీద నూనె కారిన పిల్లాణ్ణి మా వాడు కళ్లారా చూశాడు.

ఎక్కించడానికి వెళ్లినప్పుడు ఎవరెవరు వెళ్లాలో ఇంట్లోనే తేల్చుకోండి. మా జిల్లా పిల్లలు ముందు విశాఖపట్నం ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసుకి వెళ్లి రిపోర్టు చేయాలి, అక్కణ్ణించి గుంపుగా పంపుతారు. అక్కడికి అమ్మమ్మ, మేనత్త, పిల్లలు అంతా కట్టగట్టుకుని వెళ్తే వాడికి మిగతావాళ్ల ముందు తల ఎత్తుకోలేనట్టు అవుతుంది. ఇద్దరు చాలు.

మొదటి వారాలు

ఫోన్ రాదు. ఇది ముందే మనసుకి చెప్పుకోండి. చాలా సెంటర్లలో మొదట్లో ఫోన్లు తీసి లోపల పెట్టేస్తారు, తర్వాత వారానికో రోజు కాసేపు ఇస్తారు. ఏ సెంటరు పద్ధతి దానిది. మా వాడి దగ్గర ఆదివారం సాయంత్రం. నాకు కష్టం అనిపించింది దూరం కాదు. పలాసలో ఫలక్‌నుమా ఎక్కితే సికింద్రాబాద్‌లో దిగుతాం, అక్కణ్ణించి గోల్కొండ ఎంతో దూరం లేదు. ఒక్క రైలు దూరంలో ఉండి కూడా చూడటానికి వీల్లేదు. మా ఆయన ఒకసారి "ఊరికే గేటు దాకా వెళ్లి వస్తాను" అని బ్యాగు సర్దుకున్నారు. అన్నయ్య ఫోన్లో ఒకటే మాట అన్నారు: "బావా, మీరు గేటు దగ్గర నిలబడితే వాడికి పర్మిషన్ రాదు, మాటొస్తుంది." బ్యాగు అటక మీదకి పోయింది.

ఈ రోజుల్లో చేయాల్సిన ముఖ్యమైన పని ఒకటి ఉంది. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే తియ్యండి, ఎందుకంటే మొదటి ఫోను తోటివాడి సిమ్ నుంచో సెంటర్లో ఉన్న ఫోన్ నుంచో రావచ్చు. కానీ ఇదే సందు మోసగాళ్లకీ తెలుసు. "మీ అబ్బాయికి దెబ్బ తగిలింది, వెంటనే ఇంత పంపండి", "పోస్టింగ్ మంచి చోట వేయిస్తాం" అంటారు. ఎదటివాడు సార్ అని పరిచయం చేసుకున్నా, హిందీలో గదమాయించినా రూపాయి పంపకండి. ఆర్మీలో దెబ్బ తగిలితే వైద్యానికి తల్లిదండ్రుల్ని డబ్బు అడగరు. వెళ్లేముందే మీకూ వాడికీ మధ్య ఒక గుర్తు మాట పెట్టుకోండి, ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియనిది. మాది మా అత్తగారి ముద్దుపేరు. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, సైబర్ మోసాలకి అదే నంబరు.

వాడి జాయినింగ్ లెటర్, ఐడీ కార్డు, సెంటర్ లోపల దిగిన ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. గర్వంగానే ఉంటుంది, కాదనను. దేవుడి గదిలో పెట్టుకోండి.

ఫోన్ వచ్చినప్పుడు

ఈ పేజీలో మిగతాదంతా మరిచిపోయినా ఇది గుర్తుంచుకోండి. వాడికి దొరికేది పది, పదిహేను నిమిషాలు. వెనక ఇంకొకడు నిలబడి ఉంటాడు. ఆ కాసేపట్లో మనం ఏడిస్తే, వాడు మనల్ని ఓదార్చడంతోనే సరిపోతుంది. తర్వాతి ఫోను దాకా వాడి మనసులో మిగిలేది మన ఏడుపే. మా ఇంట్లో అందుకే ఒక వరస పెట్టుకున్నాం. ముందు చెల్లి మాట్లాడుతుంది, ఎందుకంటే అది నవ్విస్తుంది. తర్వాత నేను. ఆఖరున వాళ్ల నాన్న, రెండు ముక్కలు. నాకు గొంతు పట్టేస్తే ఫోన్ పక్కవాళ్ల చేతికి ఇచ్చేసేదాన్ని.

"బాగున్నావా?" అంటే "బాగున్నాను" అంటాడు. "తిన్నావా?" అంటే "తిన్నాను" అంటాడు. అక్కడితో మాట అయిపోతుంది. అందుకని నేను వాళ్ల లంగర్, అంటే వంటశాల, గురించి ఇలా అడిగేదాన్ని: "ఇవాళ లంగర్లో కూర ఏటి?" అప్పుడు మొదలవుతుంది. రాజ్మా అట, రొట్టెలు మందంగా ఉన్నాయట, అన్నం ఉంది గానీ పప్పులో పులుపు లేదట, బుధవారం కోడిగుడ్డు రెండు తిన్నాడట. "నీ పక్క మంచం కుర్రాడిది ఏ ఊరు?" "మీ ఉస్తాద్ ఎక్కువగా తిట్టే తిట్టు ఏటి?" ఇలాంటివి అడగండి. మన వైపు నుంచి చిన్న చిన్న కబుర్లు చెప్పండి. వీధి కొళాయి బాగు చేశారు, మేక రెండు పిల్లల్ని పెట్టింది, వాడి క్రికెట్ జట్టు పక్క ఊరి మీద ఓడిపోయింది. అప్పులు, అత్తాకోడళ్ల గొడవలు, "నువ్వు లేక ఇల్లు బోసిపోయింది" అనే మాట వద్దు.

ఎప్పుడో ఒకసారి "అమ్మా, నేనిక్కడ ఉండలేను, వచ్చేస్తాను" అంటాడు. మా వాడు అన్నాడు, మా అన్నయ్య తన రోజుల్లో తానూ అన్నానని చెప్పారు. వెంటనే "సరే వచ్చేయ్" అనకండి, "ఊళ్లో పరువు పోతుంది" అని అంతకన్నా అనకండి. ముందు వాణ్ణి చెప్పనివ్వండి. "ఏ పని కష్టంగా ఉంది?" అని అడిగితే సాధారణంగా ఒకటే పని బయటికి వస్తుంది, తాడు ఎక్కడమో, హిందీయో, ఒక మనిషో. దాని గురించే మాట్లాడండి. "వచ్చే ఆదివారం మళ్లీ చెప్పు, విందాం" అనండి. పైగా అగ్నివీర్‌గా చేరాక తనంతట తాను వదిలేసి రావడం కుదరదు, చాలా ప్రత్యేకమైన పరిస్థితుల్లో పైవాళ్ల అనుమతితో తప్ప. ఆ సంగతి చేరకముందే ఇంటిల్లిపాదీ తెలుసుకుని ఉండాలి.

ఇక నిజంగా ఆందోళన పడాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. నిద్ర పట్టడం లేదని వరసగా చెప్పడం, తిండి మీద ధ్యాస పోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, "బతికి లాభం లేదు" లాంటి మాట. అలాంటి మాట వింటే ఆదివారం దాకా ఆగకండి. వాడి కంపెనీ (సెంటర్లో వాడుండే దళం) ఆఫీసుకో, చేరేటప్పుడు ఇచ్చిన నంబరుకో ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. వచ్చిన హిందీలోనే, లేకపోతే తెలుగు వచ్చిన సార్ ఎవరైనా ఉన్నారా అని అడగండి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు. అది పిల్లలకే కాదు, నిద్ర పట్టని తల్లులకీ తండ్రులకీ కూడా.

కాళ్ల గురించి తప్పకుండా అడగండి. పరుగు, డ్రిల్లు, బరువు మోస్తూ నడక వల్ల కొత్త బూట్లలో బొబ్బలు వస్తాయి, అది మామూలే. కానీ మోకాలికీ చీలమండకీ మధ్య ఎముక మీద ఒకే చోట నొక్కితే నొప్పి, నడిస్తే ఎక్కువవడం వేరు. అది ఎముకలో సన్నటి పగులు కావచ్చు, కొత్తగా చేరిన కుర్రాళ్లలో ఇది తరచూ వచ్చేదే. పిల్లలు దాచిపెడతారు. టెస్టు తప్పితే కింది బ్యాచ్‌లోకి వేస్తారని భయం. "కింది బ్యాచ్ అయితే కొన్ని వారాలు ఆలస్యం, కాలు పోతే అంతా పోతుంది, ఎం.ఐ. రూముకి వెళ్లి చూపించుకో" అని గట్టిగా చెప్పండి. ఎం.ఐ. రూము అంటే అక్కడి డాక్టరు గది. అమ్మ చెప్తే వినడు, మావయ్య చెప్తే వింటాడు అనుకుంటే మావయ్య చేత చెప్పించండి.

ఇంట్లో చావో, ఆపరేషనో జరిగితే దాచాలా అని అడుగుతారు. దాచకండి, కానీ ముందు వాడికి కాకుండా కంపెనీ ఆఫీసుకి చెప్పండి. అక్కడి పెద్దవాళ్లు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పడం, ఒక్కడే ఫోన్ పట్టుకుని వినడం కంటే మేలు. సెలవు అడగాల్సి వస్తే ఆసుపత్రి కాగితాలు చేతిలో ఉంచుకోండి. గ్రామదేవత పండక్కి, పిన్ని కూతురి పెళ్లికి సెలవు అడగకండి.

భయం

2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండాకి చెందిన మురళీ నాయక్ అమరుడయ్యాడు. అతనూ అగ్నివీరే. ఆ రోజుల్లో మా షాపుకి వచ్చిన ప్రతి తల్లీ ఆ మాటే ఎత్తింది. కాబట్టి "ఏమీ కాదులే" అని నేను ఎవరికీ చెప్పను. చెప్పేది ఒకటే: ట్రైనింగ్‌లో ఉన్న రిక్రూట్‌ను సరిహద్దుకి పంపరు. ఆ నెలల్లో రాత్రి పదింటి చర్చలు చూసి గుండెలు బాదుకోవడం వల్ల ఒరిగేది లేదు. మా ఇంట్లో వార్తలు రోజుకి ఒక్కసారే, పొద్దున పేపరు. టీవీ చూడాలనిపిస్తే సీరియల్.

మగవాళ్ల సంగతి చూసుకోండి. మా ఆయన ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు, కానీ తెల్లవారుజామున నాలుగింటికే లేచి ఆటో తుడవడం మొదలుపెట్టారు, తుడిచిందే మళ్లీ తుడిచేవారు. అడిగితే "ఈపాటికి వాడు పీటీకి లేచుంటాడు కదా" అన్నారు. ఎక్కువ కదిలించకుండా ఆ టైముకి టీ పెట్టి ఇచ్చేదాన్ని. తర్వాత అన్నయ్య ఇంటికి వెళ్లి కూర్చోవడం అలవాటైంది, ఆర్మీ కబుర్లు వింటే ఆయనకి కాస్త నెమ్మది. చెల్లెళ్లు తమ్ముళ్లు ఉంటే, ఇంట్లో మాటలన్నీ వెళ్లినవాడి చుట్టే తిరగకుండా చూసుకోండి. వాళ్లకీ పరీక్షలు ఉంటాయి, వాళ్లకీ అన్నయ్య లేడు.

డబ్బు

మొదటి ఏడాది నెలకి 30,000. అందులో 9,000 సేవానిధి అనే పొదుపు నిధికి పోగా చేతికి వచ్చేది 21,000. నాలుగో ఏడాదికి 40,000, చేతికి 28,000. మనవాడి నుంచి కోసినంత ప్రభుత్వం కూడా వేసి, నాలుగేళ్ల తర్వాత సుమారు 10.04 లక్షలు, దాని మీద వడ్డీతో కలిపి ఇస్తారు. దానికి పన్ను ఉండదు. ఈ లెక్క ఊళ్లో అందరికీ తెలుసు, మీ కంటే ముందే తెలుసు. చేబదులు అడిగేవాళ్లు, చిట్టీ వేయమనేవాళ్లు, "ఇంక ఇల్లు మొదలెట్టండి, ఈఎంఐ వాడే కడతాడు" అనేవాళ్లు బయల్దేరతారు. నాలుగేళ్ల తర్వాత రెగ్యులర్‌గా ఉంచేది 25 శాతం వరకే కాబట్టి, నాలుగేళ్లు దాటి నడిచే ఏ అప్పూ ఆ జీతాన్ని చూసి చేయకండి. జీతం వాడి అకౌంటులోనే ఉండనివ్వండి. ఏటీఎం పిన్ అడగకండి. పంపినంత తీసుకోండి, పంపకపోతే అలగకండి.

"నాలుగేళ్ల తర్వాత ఏంటి?" అని నవ్వుతూ అడిగే బంధువు ఒకరు ప్రతి ఇంటికీ ఉంటారు. కేంద్ర బలగాల ఉద్యోగాల్లో మాజీ అగ్నివీరులకి 10 శాతం కోటా 2022లోనే ప్రకటించారని చెప్పొచ్చు. నేనైతే "కాఫీ తాగుతారా?" అని అడిగి ఊరుకుంటాను.

ఆడపిల్లని పంపిన తల్లిదండ్రులకి ఇందులో చాలావరకు వర్తిస్తుంది. మహిళా మిలిటరీ పోలీసులకి బెంగళూరులో, నేవీకి చేరేవాళ్లకి ఒడిశాలోని ఐఎన్ఎస్ చిలికాలో శిక్షణ. చిలికా అయితే మా పలాస నుంచి రైల్లో కొన్ని గంటలే, కానీ గేటు రూలు అక్కడా అదే.

కసమ్ పరేడ్, తర్వాత

ట్రైనింగ్ అయ్యాక పిల్లలు ప్రమాణం చేసే పరేడ్ ఇది. పిలుపు వస్తే అప్పు చేసైనా వెళ్లండి, ఇది మాత్రం ఖర్చు చూసుకునే చోటు కాదు. ఆధార్ ఒరిజినల్ పట్టుకెళ్లండి. ఫోన్లు ఎక్కడిదాకా తీసుకెళ్లొచ్చో ముందే అడిగి తెలుసుకోండి. ఎండలో కూర్చోవాల్సి రావచ్చు, నీళ్ల సీసా, ముసలివాళ్లుంటే టోపీయో గొడుగో. పట్టుచీరలు వద్దు, నూలు చీర కట్టుకోండి. తల్లిదండ్రులకి గౌరవ్ పదక్ అని ఒక పతకం పెడతారు. మా ఆయన దాన్ని చొక్కా మీంచి తీయకుండానే రైలెక్కారు, టీసీ కూడా పలకరించాడు.

వాడు లైనులోంచి బయటికి వచ్చినప్పుడు నా చూపు కొలతల మీదకే పోయింది. భుజం దగ్గర కనీసం అంగుళం పెరిగాడు, నడుం రెండంగుళాలు తగ్గింది. కాబట్టి సెలవుకి వస్తాడని పాత కొలతలతో కొత్త బట్టలు కుట్టించి పెట్టకండి. ప్యాంట్లు ఎలాగూ బిగించాల్సి వస్తుంది, చొక్కాలు పట్టవు.

సెలవులో ఉన్నన్నాళ్లు మొదట రెండు రోజులు ఎవరినీ పిలవకండి. వాణ్ణి పడుకోనివ్వండి. మెలకువ నాలుగింటికే వచ్చేస్తుంది, మళ్లీ పడుకుంటాడు. దుప్పటి అంచు అంచు కలిపి మడుస్తాడు, చెల్లి చెప్పులు వరసలో పెడతాడు, హిందీలో కలవరిస్తాడు, నవ్వకండి. పెళ్లి సంబంధాలు తెచ్చేవాళ్లని గుమ్మంలోనే ఆపండి, అగ్నివీర్‌గా ఉన్న నాలుగేళ్లూ పెళ్లి చేసుకోకూడదు. చింతపండు పులుసు మాత్రం మొదటి పూటే పెట్టండి.

తర్వాత వాడు యూనిట్‌కి వెళ్తాడు. అప్పుడు అడ్రసు మారుతుంది. ఊరి పేరు ఉండదు. వాడి ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ పేరు, కింద కేరాఫ్ 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు) వాడు చెప్పినట్టు రాయాలి. నంబరులో ఒక్క అంకె కూడా తప్పు పోకుండా పెద్ద అక్షరాలతో రాయించి, ఒక కాగితం బీరువా తలుపు లోపల అంటించండి, ఇంకోటి మీ పర్సులో పెట్టుకోండి. రాఖీ పంపాలంటే కనీసం మూడు వారాల ముందు పోస్టు చేయమని చెల్లికి చెప్పండి.